శిల్పంలో వీణ, తాళపత్రంలో వీణ: పుదుచ్చేరి పరిశోధనల వెలుగులో

వీణ అనగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది బొబ్బిలి వీణో తంజావూరు వీణో. పనసకొయ్యతో తొలిచిన కుండ, పొడవైన దండి, మైనంలో కుదిర్చిన ఇరవై నాలుగు మెట్లు, దండి కింద బుర్ర, కొసన యాళి ముఖం: ఇదీ పరిచితమైన రూపం. బౌద్ధ వాఙ్మయంలో వీణ ప్రస్తావన వచ్చినప్పుడు అనువాదకులూ చిత్రకారులూ తరచు ఈ రూపాన్నే ఆ మాటకు జోడిస్తూ వచ్చారు. సోణ స్థవిరునికి బుద్ధభగవానుడు వీణను ఉపమానంగా చేసి చెప్పిన బోధకు వేసిన బొమ్మల్లో చాలావరకు సరస్వతీదేవి చేతిలోని వీణే కనిపిస్తుంది. ఆ బోధ జరిగిన కాలానికి గాని, అది గ్రంథస్థమైన కాలానికి గాని, అమరావతిలో శిల్పి ఉలి పట్టిన కాలానికి గాని ఈ మెట్ల వీణ ఇంకా పుట్టలేదు.

మరి ఆనాటి వీణ ఎటువంటిది? దానిని ఏయే భాగాలతో నిర్మించేవారు? శ్రుతి ఎలా చేసేవారు? ఈ ప్రశ్నలు సంగీతశాస్త్ర విద్యార్థులకే పరిమితమైనవి కావు. ఉపమానంగా తీసుకున్న వస్తువు స్వరూపం తెలియకపోతే ఉపమానం సగమే అర్థమవుతుంది. మధ్యమ మార్గాన్ని వివరించడానికి ఎన్నుకున్న వస్తువు విషయంలో ఈ లోపం చిన్నది కాదు. దీనిని పూరించడానికి మూడు రకాల ఆధారాలు ఉన్నాయి: స్తూపాల మీది శిల్పాలు, రాతిమీద చెక్కిన స్వరలిపి, తాళపత్రాలపై నిలిచిన గ్రంథాలు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ మూడింటి అధ్యయనమూ చేరువగా వచ్చిన పట్టణాలలో పుదుచ్చేరి ఒకటి.

పుదుచ్చేరి: రెండు దారులు కలిసిన చోటు

పుదుచ్చేరికి ఆంధ్ర బౌద్ధ శిల్పంతో సంబంధం ఫ్రెంచి పాలనాకాలం నాటిది. అక్కడి కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసిన గాబ్రియేల్ జూవో దుబ్రోయ్ (1885–1945) దక్షిణ భారత వాస్తు శిల్పాల పరిణామంపై 1914లో ఫ్రెంచిలో బృహద్గ్రంథం వెలువరించారు. ఆయన రచించిన దక్కను ప్రాచీన చరిత్ర 1920లో ఆంగ్లానువాదంగా పుదుచ్చేరి నుంచే ప్రచురితమైంది. పల్లవుల గుహాలయాలపై ఎంత శ్రద్ధ చూపారో కృష్ణా తీరపు స్తూపాలపైనా ఆయన అంతే శ్రద్ధ చూపారు. గుంటూరు మండలంలోని గోలి గ్రామంలో స్తూపశిల్పాలను 1926లో వెలికితీసినది ఆయనే. ఆ ఫలకాలు మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. వాటిపై టి.ఎన్. రామచంద్రన్ 1929లో మ్యూజియం పక్షాన సవివరమైన గ్రంథం ప్రచురించారు.

రెండవ దారి తాళపత్రాలది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పరిపాలన భారతదేశానికి దక్కింది. మరుసటి సంవత్సరం, 1955లో, ఆయుర్వేదంలోనూ బౌద్ధంలోనూ సమానంగా పాండిత్యం గల జాన్ ఫిలియోజా అధ్యక్షతన ఫ్రెంచి పరిశోధన సంస్థ అక్కడ ఆరంభమైంది. సముద్రానికి చేరువలో సెయింట్ లూయీ వీధిలో ఉన్న ఆ సంస్థ తమిళనాడు నలుమూలల నుంచి శైవాగమాల తాళపత్రాలను సేకరించింది. ద్యూమా వీధిలోని ప్రాచ్య విద్యాపీఠ కేంద్రం కూడా ఇదే కృషిలో పాలుపంచుకుంది. ఈ పుదుచ్చేరి శైవ లిఖిత ప్రతుల భాండారానికి 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో స్థానం లభించింది. ప్రతులతోపాటు ఆలయాలను, శిల్పాలను ఛాయాచిత్రాలలో భద్రపరచే పని కూడా ఆ సంస్థలో 1956 నుంచే సాగుతూ వచ్చింది. నేడు లక్షకు పైగా చిత్రాలు అక్కడ ఉన్నాయి. వ్రాతప్రతిని చదివే పండితుడూ శిల్పాన్ని పరీక్షించే పరిశోధకుడూ ఒకే కప్పు కింద పనిచేసే అవకాశం అలా ఏర్పడింది.

సంగీతశాస్త్రానికి ఈ వాతావరణం వెంటనే ఫలించింది. వారణాసిలో శివేంద్రనాథ బసు వద్ద వీణ అభ్యసించిన అలేన్ దానియేలూ (1907–1994) అడయారు గ్రంథాలయంలో పనిచేసిన పిమ్మట పుదుచ్చేరి సంస్థలో చేరారు. ఆగమ గ్రంథాల పరిష్కర్తగా ప్రసిద్ధులైన ఎన్.ఆర్. భట్‌తో కలిసి ఆయన పురాణాలలోని సంగీతశాస్త్ర భాగాలను పరిష్కరించి 1959లో ప్రచురించారు. గీతాలంకారం అనే గ్రంథాన్ని కూడా ఈ ఇద్దరే వెలికి తెచ్చారు. అదే భరతుని మూల సంగీతగ్రంథమని దానియేలూ వాదించారు. ఆ వాదాన్ని పండితులందరూ అంగీకరించలేదు గాని, వాద్యం చేతపట్టి వాయించగలవాడు, వ్రాతప్రతిని శుద్ధి చేయగలవాడు ఒకే పుటపై కలిసి పనిచేయడం ఆ ప్రచురణల ప్రత్యేకత. చిలప్పదికారాన్నీ, బౌద్ధ కావ్యమైన మణిమేఖలైనీ దానియేలూ ఆంగ్లంలోకి అనువదించారు. రెండవ కావ్యానికి పుదుచ్చేరి పండితుడు టి.వి. గోపాలయ్యర్ సహకరించారు. సంగం నాటి యాళ్ వాద్యాన్ని ఎరిగిన ఆ కావ్యలోకం అమరావతి శిల్పలోకానికి ఇరుగుపొరుగే.

శిల్పి చూసిన వీణ

అమరావతి స్తూపానికి సంబంధించిన ఫలకాలు నేడు ప్రధానంగా చెన్నై మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. చెన్నైలోని ఫలకాలపై సి. శివరామమూర్తి 1942లో ప్రచురించిన గ్రంథం వాటిలోని వేషభాషలను, ఆయుధాలను, వాద్యాలను వాఙ్మయంతో పోల్చి చూపింది. అంతఃపుర దృశ్యాల్లో, దేవతల నృత్యగోష్ఠుల్లో తరచుగా కనిపించే తంత్రీవాద్యం విల్లును పోలి ఉంటుంది. పడవ వంటి బోలు తొట్టి ఒకటి, దాని ఒక కొస నుంచి పైకి వంగి లేచే కొమ్మ ఒకటి. ఆ కొమ్మకూ తొట్టికీ మధ్య వరుసగా తంతులు. మెట్లు లేవు. వేలితో తంతిని అదిమి పట్టడానికి మెడ లేదు. ఒక్కొక్క తంతి ఒక్కొక్క స్వరాన్నే పలుకుతుంది. దీనిని విల్లువీణ అనవచ్చు.

ఈ రూపం ఆంధ్రదేశానికే చెందినది కాదు. ఇంద్రశాలగుహలో ఉన్న బుద్ధుని ఎదుట పంచశిఖుడనే గంధర్వుడు వీణ వాయించిన ఘట్టాన్ని బోధగయ శిల్పి విల్లువీణతోనే చెక్కాడు. నాల్గవ శతాబ్దంలో సముద్రగుప్తుడు వేయించిన బంగారు నాణెంపై ఆసనస్థుడైన రాజు ఒడిలో ఉన్నది కూడా ఇదే. సుత్తనిపాతంలోని పధాన సుత్తం చివర, ఓటమితో కుంగిపోయిన మారుని చంక నుంచి వీణ జారిపడిందని చెప్పారు. చంకలో ఇరికించుకొని వాయించే వాద్యం అనడానికి శిల్పాలతో సరిపోలే సాక్ష్యం ఇది.

అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలో మరొక తంత్రీవాద్యం కూడా అరుదుగా కనిపిస్తుంది. అండాకారపు బుర్ర, పొట్టి మెడ, మెడ వెంబడి సాగిన కొద్దిపాటి తంతులు. గాంధారంలో, అజంతాలో కూడా ఈ వాద్యం ఉంది. ఇది మధ్యాసియా గుండా చైనా చేరి పిపాగా, జపానులో బివాగా స్థిరపడిన వాద్యకుటుంబానికి చెందినది. అంటే మూడవ శతాబ్దపు ఆంధ్రశిల్పి రెండు వాద్యాలనూ చూశాడు. ఒకటి అప్పటికే వందల ఏళ్ల సంప్రదాయం గల విల్లువీణ. రెండవది వేలితో తంతిని అదిమి ఒకే తంతిపై అనేక స్వరాలు పలికించే మెడ గల వీణ. సంస్కృతంలోనూ పాలిలోనూ వాటి ఉమ్మడి పేరు వీణే. చిక్కు అంతా ఇక్కడే మొదలవుతుంది.

పాలి గ్రంథాలలో వీణ భాగాలు

ఈ చిక్కును విప్పడానికి బౌద్ధ గ్రంథాలే దారి చూపాయి. సంయుత్త నికాయలోని వీణోపమ సుత్తంలో ఒక రాజు కథ ఉంది. మున్నెన్నడూ వీణానాదం వినని రాజు దానికి ముగ్ధుడై ఆ నాదాన్ని తెచ్చి ఇమ్మంటాడు. వీణను తెచ్చి ఇస్తారు. తనకు కావలసినది నాదమే గాని వీణ కాదంటాడు రాజు. నాదం ఒక్కచోట ఉండదనీ, అనేక అంగాల కూడికవల్ల పుడుతుందనీ సేవకులు వివరిస్తారు. రాజు వీణను పది ముక్కలు, నూరు ముక్కలు చేసి, చీల్చి, కాల్చి, బూడిదను గాలికి ఎగరవేసి, ఇది వట్టి తుచ్ఛమైన వస్తువని తేలుస్తాడు. పంచస్కంధాలలో వెదికినా ‘నేను’ దొరకదన్నది సుత్త తాత్పర్యం.

తాత్త్విక బోధ కోసం చెప్పిన ఆ అంగాల జాబితా వాద్యచరిత్రకు అమూల్యమైనది. దోణి, చర్మం, దండం, ఉపధారణం, తంతులు, కోణం, ఆపై వాయించేవాని తగిన ప్రయత్నం. మిలిందపఞ్హంలో కూడా కొద్ది భేదాలతో ఇదే జాబితా వస్తుంది. దోణి అంటే తొట్టి, పడవ. తెలుగులోని దోనె ఈ మాటకు తోబుట్టువే. దానిపై బిగించిన చర్మం నాదఫలకం. దండం పైకి వంగిన కొమ్మ. కోణం తంతిని మీటే పుల్ల. నేటి వీణకు చర్మం లేదు, దాని పైపలక కొయ్యే. జాబితాలో మెట్ల ప్రస్తావనే లేదు. ఆనంద కుమారస్వామి 1930లో అమెరికా ప్రాచ్యసంఘ పత్రికలో వీణ భాగాలపై రాసిన వ్యాసంలో ఈ పదాలను శిల్పాలతో ఒక్కొక్కటిగా పోల్చి, ప్రాచీన గ్రంథాలు చెప్పిన వీణ విల్లువీణేనని నిరూపించారు. 1941లో క్లోదీ మార్సెల్ దుబ్వా ప్యారిస్‌లో ప్రచురించిన ప్రాచీన భారత వాద్యాల గ్రంథం ఈ శిల్పసాక్ష్యాన్ని మరింత విస్తరించింది.

తంతుల సంఖ్య విషయంలోనూ గ్రంథాలు సహాయపడతాయి. గుత్తిల జాతకంలో గుత్తిలుడు, అతని శిష్యుడు మూసిలుడు పోటీపడిన వీణకు ఏడు తంతులు. గుత్తిలుడు ఒక్కొక్క తంతినే తెంచుతూ పోతాడు. అశ్వఘోషుని బుద్ధచరితం ఐదవ సర్గలో సిద్ధార్థుడు గృహం విడిచే రాత్రి నిద్రించిన స్త్రీలలో ఒకతె పెద్ద పరివాదినిని చెలికత్తెవలె కౌగిలించుకొని పడుకుంది. అమరకోశం ఏడు తంతుల వీణకు పరివాదిని అని పేరు చెప్పింది. ఏడు తంతులు, ఏడు స్వరాలు. మెట్లు లేని వాద్యానికి ఇది సహజమైన లెక్క.

శ్రుతి చేసే పద్ధతి

విల్లువీణ నిర్మాణం అర్థమైతే నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలోని ప్రసిద్ధమైన ప్రయోగం కూడా తేటపడుతుంది. భరతుడు రెండు వీణలను సరిసమానంగా శ్రుతి చేయమంటాడు. ఒకదానిని కదల్చకూడదు. రెండవదానిలో మొదట పంచమాన్ని కొంచెం తగ్గించాలి. ఆ తగ్గిన ప్రమాణానికి తక్కిన తంతులను కూడా సడలిస్తే ఒక శ్రుతి దిగినట్లు. రెండవ విడత దించినప్పుడు కదిలే వీణలోని గాంధార నిషాదాలు నిలకడ వీణలోని రిషభ ధైవతాలతో కలుస్తాయి. మూడవ విడతలో రిషభ ధైవతాలు షడ్జ పంచమాలతో, నాల్గవ విడతలో పంచమ మధ్యమ షడ్జాలు మధ్యమ గాంధార నిషాదాలతో కలుస్తాయి. రెండు శ్రుతుల స్వరాలు రెండు, మూడు శ్రుతులవి రెండు, నాలుగు శ్రుతులవి మూడు: మొత్తం ఇరవై రెండు.

మెట్ల వీణపై ఈ ప్రయోగం చేయాలంటే మెట్లన్నీ పీకి పెట్టాలి. విల్లువీణపై చేయడానికి తంతులను సడలిస్తే చాలు. భరతుడు పేర్కొన్న చిత్రా వీణకు ఏడు తంతులు, వేళ్లతో వాయించాలి. విపంచికి తొమ్మిది, కోణంతో వాయించాలి. సంయుత్త నికాయలోని కోణమే ఇక్కడా దర్శనమిస్తుంది. బౌద్ధ భిక్షువు ఉపమానంగా వాడిన వాద్యం, నాట్యాచార్యుడు శాస్త్రప్రయోగానికి వాడిన వాద్యం ఒకే కుటుంబానివి.

నాట్యశాస్త్ర పాఠాన్ని అభినవగుప్తుని వ్యాఖ్యతో సహా లోకానికి అందించినది తెలుగు పండితుడు మానవల్లి రామకృష్ణకవి (1866–1957). ఊరూరా తిరిగి వ్రాతప్రతులు సేకరించిన ఆయన శిథిలమై, తప్పులతో నిండిన వ్యాఖ్యాపాఠాన్ని పోల్చి చూసి బరోడా గ్రంథమాలలో మొదటి సంపుటిని 1926లో వెలువరించారు. సంగీతనాట్య పారిభాషిక పదాలను క్రోడీకరించిన ఆయన భరతకోశం 1951లో తిరుపతిలో అచ్చయింది. సంగీతాధ్యాయాలు గల నాల్గవ సంపుటి ఆయన మరణానంతరం 1964లో గాని వెలుగు చూడలేదు. వీణ విషయంలో నేడు చేసే ఏ చర్చ అయినా ఈ పరిష్కరణల మీద ఆధారపడినదే.

రాతిమీది స్వరలిపి, చైనాకు చేరిన రాగనామాలు

శిల్పానికీ తాళపత్రానికీ నడుమ శాసనం ఉంది. పుదుక్కోట్టై సమీపంలోని కుడుమియామలైలో గుహాలయం పక్కన కొండరాతిపై పల్లవ గ్రంథలిపిలో చెక్కిన సంగీత శాసనం ఏడు ఎనిమిది శతాబ్దాల నాటిది. పి.ఆర్. భండార్కర్ దానిని ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండవ సంపుటిలో ప్రకటించారు. శివునికి నమస్కారంతో మొదలయ్యే ఆ శాసనంలో ఏడు విభాగాలు ఉన్నాయి: మధ్యమగ్రామం, షడ్జగ్రామం, షాడవం, సాధారితం, పంచమం, కైశికమధ్యమం, కైశికం. ప్రతి విభాగంలోనూ స్వరాలను నాలుగేసి చొప్పున గుంపులుగా పేర్చారు. ఒక్కొక్క స్వరాక్షరం అకార, ఇకార, ఉకార, ఎకారాలతో మారుతుంది. కొన్ని అక్షరాలపై చుక్కలు ఉన్నాయి. రుద్రాచార్యుని శిష్యుడు, పరమమాహేశ్వరుడు అయిన రాజు శిష్యహితం కోసం చేయించాడని చివర ఉంది. ఆ రాజు మహేంద్రవర్మ అన్న అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉండగా లిపి ఆధారంగా కొందరు కాదన్నారు. అక్కడే పరివాదిని అన్న మాట చెక్కి ఉంది. ఇవి ఎనిమిదికి, ఏడుకు కూడా తగినవని ఒక తమిళ వాక్యం చెబుతుంది. అశ్వఘోషుని అంతఃపుర స్త్రీ కౌగిలించుకున్న వాద్యం, శైవ రాజు శిష్యులకు పాఠం చెప్పించిన వాద్యం ఒకే పేరు గలవి. మతాలు వేరైనా వాద్యపరిభాష ఉమ్మడిదే.

ఈ ఉమ్మడితనం సముద్రాలూ ఎడారులూ దాటింది. ఉత్తర ఝౌ చక్రవర్తికి వధువుగా వచ్చిన తురుష్క రాజకుమారి వెంట 568లో కూచా నుంచి సుజీవుడనే పిపా విద్వాంసుడు చైనాకు వచ్చాడు. అతడు బోధించిన ఏడు మేళాల పేర్లు సుయి వంశ చరిత్రలో నమోదయ్యాయి. చైనా ఉచ్చారణలో మారిపోయినా సాధారితం, కైశికం, షడ్జగ్రామం, షాడవం, పంచమం అన్న పేర్లను వాటిలో పండితులు గుర్తించారు. బౌద్ధం వర్ధిల్లిన ఎడారి నగరపు వైణికుడు నేర్పిన పేర్లు, పుదుక్కోట్టై కొండపై శైవరాజు చెక్కించిన పేర్లు ఇంతగా కలవడం యాదృచ్ఛికం కాదు. రెండింటికీ మూలమైన సంప్రదాయం ఒకటే.

ఆ దారిలోనే మెడ గల వీణ భౌతికంగా కూడా నిలిచింది. జపానులోని నారాలో తోదైజీ విహారానికి చెందిన షోసోయిన్ భాండారంలో ఎర్రచందనపు కొయ్యపై ముత్యపుచిప్ప పొదిగిన ఐదు తంతుల బివా ఉంది. 756లో సమర్పించిన వస్తువుల పట్టికలో దాని పేరు కనిపిస్తుంది. అలాగే దున్‌హువాంగ్ గుహల నుంచి పాల్ పెలియో 1908లో తీసుకువెళ్లిన ప్రతులలో ఒకదానిపై ఒక వైపు 933 నాటి సూత్రోపన్యాసం, మరో వైపు పిపా కోసం రాసిన ఇరవై అయిదు పాటల స్వరలిపి ఉన్నాయి. నాలుగు తంతులు, తంతికి నాలుగు మెట్లు, మెట్టు తొక్కని నాదంతో కలిపి తంతికి ఐదు: మొత్తం ఇరవై గుర్తులు. గుర్తు చెప్పేది వేలు ఎక్కడ పెట్టాలో మాత్రమే. ఏ తంతి ఏ శ్రుతిలో ఉన్నదో చెప్పదు. హయాషి కెంజో వంటి పండితులు పాటల నడకను బట్టి శ్రుతిని ఊహించి రాబట్టవలసి వచ్చింది. వాద్యం చేతిలో లేనిదే వ్రాతప్రతి పలకదన్న దానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు.

మెట్లు వచ్చిన తరువాత

మొదటి సహస్రాబ్ది ముగిసేసరికి భారతదేశంలో విల్లువీణ దాదాపు కనుమరుగైంది. దండానికి బుర్రలు కట్టిన వీణలు ముందుకు వచ్చాయి. పదమూడవ శతాబ్దపు సంగీతరత్నాకరంలో మెట్లు గల కిన్నరీ వీణ వర్ణన ఉంది. తెలంగాణలో నేటికీ వినిపించే పన్నెండు మెట్ల కిన్నెర ఆ పేరునూ, ఆ పోలికనూ నిలుపుకొన్నది. వెదురు దండం, సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు దాని అంగాలు. దానిని వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

మెట్లు రావడంతో శ్రుతి సమస్య తంతి నుంచి మెట్టుకు మారింది. 1550లో విజయనగరంలో అళియ రామరాయల కోసం రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధి ఈ మార్పుకు ప్రధాన సాక్షి. అందులో శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాయ మేళవీణ అని మూడు భేదాలు ఉన్నాయి. శుద్ధమేళ వీణపై నాలుగు తంతులను షడ్జ, పంచమ, షడ్జ, మధ్యమాలకు శ్రుతి చేయాలి. మెట్లను అన్ని రాగాలకూ సరిపడేలా స్థిరంగా నిలపడం ఒక పద్ధతి, ఒక్కొక్క రాగానికి జరపడం మరొక పద్ధతి. తంజావూరులో రఘునాథ నాయకుని కాలంలో ఇరవై నాలుగు మెట్ల వీణ స్థిరపడిందని సంప్రదాయం చెబుతుంది. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో ఒకే పనసదుంగ నుంచి కుండ, దండి తొలిచే పనివారు నేటికీ ఆ నిర్మాణాన్ని నిలుపుతున్నారు. అక్కడ మేళం కట్టడం అంటే మైనం వేడిగా ఉండగా చెవితో వింటూ మెట్లను కుదర్చడం. ఒకసారి కుదిరిన మేళం చాలాకాలం నిలుస్తుంది. కచేరీకి ముందు వైణికుడు బిరడలు తిప్పి నాలుగు ప్రధాన తంతులనూ మూడు తాళపు తంతులనూ సరిచూసుకుంటే చాలు.

సోణుని వీణ

ఈ నేపథ్యంతో అంగుత్తర నికాయలోని సోణ సుత్తాన్ని మళ్లీ చదవవలసి ఉంది. రాజగృహ సమీపంలోని సీతవనంలో సోణుడు తీవ్రసాధన చేసి కూడా ఫలం కానక ఇంటికి మరలిపోదామని తలుస్తాడు. గృహస్థుగా ఉన్నప్పుడు అతడు వీణలో నేర్పరి. బుద్ధుడు అతనిని ప్రశ్నిస్తాడు: తంతులు మరీ బిగిసినప్పుడు వీణ పలికేదా? మరీ సడలినప్పుడు? రెండూ కాక సమంగా నిలిచినప్పుడు? ఇంతవరకు అందరికీ పరిచితం. తరువాతి వాక్యం తరచు తొందరలో దాటిపోతుంది. వీర్యంలో సమతను నిలుపుకో, ఇంద్రియాల సమతను గ్రహించు, అక్కడ గుర్తు పట్టు అని బోధ ముగుస్తుంది. ఇక్కడ ఇంద్రియాలంటే శ్రద్ధ, వీర్యం, స్మృతి, సమాధి, ప్రజ్ఞ అనే ఐదు ఆధ్యాత్మిక శక్తులు. వీర్యం ఒక్కదాని గురించి మొదలైన ఉపమానం ఐదింటి సమత దగ్గరకు ఎలా చేరింది?

గట్టి దండి గల మెట్ల వీణను మనసులో పెట్టుకుంటే ఈ రెండవ మాట విడిగా తగిలించినట్లు తోస్తుంది. విల్లువీణ సంగతి వేరు. దాని తంతులన్నీ ఒకే వంగిన కొమ్మను లాగుతూ ఉంటాయి. ఒక తంతిని బిగిస్తే కొమ్మ ఇంకొంచెం వంగుతుంది. ఆ మేరకు తక్కిన తంతులు సడలుతాయి. ఒకటి సరిచేస్తే మరొకటి చెడుతుంది. అందుచేత వాదకుడు ఏ తంతినీ విడిగా శ్రుతి చేయలేడు. అన్నింటినీ తిరిగి తిరిగి సరిచూస్తూ మొత్తాన్ని సమానస్థితికి తేవాలి. వీణావాదకుడైన సోణునికి ఈ సంగతి వివరించనక్కరలేదు. వీర్యమనే ఒక్క తంతిని అతడు అతిగా బిగించాడు. దాని ఫలితం ఆ ఒక్క తంతికే పరిమితం కాలేదు.

ఈ అర్థం నేటి ఊహ మాత్రమే కాదనడానికి విశుద్ధిమార్గం బలం చేకూరుస్తుంది. ఐదవ శతాబ్దంలో బుద్ధఘోషుడు ఇంద్రియ సమతను వివరిస్తూ, ఒక ఇంద్రియం బలపడితే తక్కినవి తమ తమ పనులు చేయలేవని చెప్పి, శ్రద్ధ మితిమీరినందుకు వక్కలి కథనూ, వీర్యం మితిమీరినందుకు సోణుని కథనూ ఉదాహరించాడు. శ్రద్ధను ప్రజ్ఞతో, వీర్యాన్ని సమాధితో సరితూచమన్నాడు. ఒకటి బలపడితే తక్కినవి బలహీనపడతాయన్న ఈ మాట విల్లువీణ స్వభావానికి అక్షరాలా సరిపోతుంది. కనుక మధ్యమ మార్గమంటే రెండు అంతాల నడుమ ఒక బిందువును వెదకడమనే వాడుక వివరణ ఈ సుత్తానికి చాలదు. ఇక్కడి సమత పరస్పరం ఆధారపడిన అంగాల మధ్య సమత. వీణోపమ సుత్తం నాదాన్ని అంగాల కూడికగా చెప్పింది. సోణ సుత్తం ఆ కూడిక శ్రుతిలో ఎలా నిలుస్తుందో చెప్పింది.

మిగిలిన పని

విల్లువీణ పూర్తిగా నశించలేదు. మయన్మార్‌లో సౌంగ్ అనే పేరుతో అది రాజాస్థానపు గౌరవంతో జీవించి ఉంది. పడవ ఆకారం, చర్మపు కప్పు, వంగిన కొమ్మ, కొమ్మకు చుట్టిన తాళ్లు పాలి జాబితాను గుర్తుకు తెస్తాయి. మధ్యప్రదేశ్‌లో ప్రధాన్ గాయకులు గోండుల కథలు పాడుతూ వాయించే బీన్‌బాజా కూడా ఈ కుటుంబానిదే. తమిళదేశంలో స్వామి విపులానంద 1947లో ప్రచురించిన యాళ్ గ్రంథం గతించిన వాద్యాన్ని లెక్కల సహాయంతో తిరిగి ఊహించే ప్రయత్నం చేసింది.

తెలుగునాట ఇటువంటి ప్రయత్నానికి కావలసిన సామగ్రి మిగతా ప్రాంతాలకంటె ఎక్కువే ఉంది. అమరావతి, నాగార్జునకొండ ఫలకాలలోని తంత్రీవాద్యాలను తంతుల సంఖ్య, కొమ్మ వంపు, వాద్యం పట్టుకున్న తీరు, కోణం ఉనికి అనే అంశాలవారీగా పట్టిక చేయాలి. ఆ పట్టికను పాలి, సంస్కృత గ్రంథాల పాఠాంతరాలతో పోల్చాలి. ఆపై కొయ్యపనివారి చేత నమూనా చేయించి శ్రుతి నిలకడను పరీక్షించాలి. మ్యూజియాల్లో ‘వీణ’ అని మాత్రమే రాసి ఊరుకున్న చీటీలలో విల్లువీణ, మెడ గల వీణ అన్న విభజన రావాలి. అనువాదకులు సోణ సుత్తానికి ఒక చిన్న వివరణ చేర్చినా పాఠకునికి మేలు జరుగుతుంది.

పుదుచ్చేరిలో ఒకప్పుడు శిల్పాన్ని వెలికితీసినవారూ, తాళపత్రాన్ని పరిష్కరించినవారూ, వీణ వాయించినవారూ ఒకే పట్టణంలో పనిచేశారు. వారి గ్రంథాలు వేరువేరు అలమరలలో ఉన్నాయి. వాటిని ఒకే బల్లపై పక్కపక్కన తెరిచినప్పుడే సోణుడు వాయించిన వీణ రూపం, దానితోపాటు అతనికి అందిన బోధ పూర్తిగా తెలియవస్తాయి.